డబుల్ అయిందంటున్నారు, నా నోట్‌బుక్ ఒప్పుకోవట్లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్‌తో పాటు వారం వారం వచ్చే ప్రాపర్టీ పేజీలు నేను ఒక్క ముక్క వదలకుండా చదువుతాను, అందుకే ఈ ఉత్తరం. ఆ పేజీల్లో ప్రతిసారీ ఒక కథ ఉంటుంది, ఫలానా ఆయన అప్పట్లో ఇంతకి కొన్నారు, ఇప్పుడు ఇంత పలుకుతోంది, పెట్టిన డబ్బు మొత్తం వెనక్కొచ్చేసి పైన ఇంత మిగిలింది అని, పక్కనే బిల్డింగ్ ముందు నవ్వుతూ ఆయన ఫోటో. చదివినప్పుడల్లా నాకు ఒకటే డౌటు, ఈయన దగ్గర ఖర్చుల నోట్‌బుక్ ఉందా లేదా అని.

మా ఇంట్లో ఉంది. నేనే రాశాను. పొడుగు నోట్‌బుక్, అట్ట చిరిగిపోతే పాత క్యాలెండర్ కాయితం అంటించాను. ఫ్లాట్ కొనడానికి టోకెన్ ఇచ్చిన రోజు నుంచి అమ్మేసి తాళాలు చేతిలో పెట్టిన రోజు దాకా పదకొండేళ్ల లెక్క అందులో ఉంది. మేం ఆ ఫ్లాట్‌లో ఎప్పుడూ ఉండలేదు, ఇన్వెస్ట్‌మెంట్ అని కొన్నాం, అద్దెకిచ్చాం, అమ్మేశాం. అమ్మినప్పటి నుంచి మా ఆయన ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ "దాదాపు డబుల్ అయింది" అని చెప్తున్నారు. నేను టీ పెట్టడానికి లేచి వెళ్ళిపోతాను.

ఊరి పేరు, రేటు రాయను. రాస్తే అందరూ ఆ ఏరియాలో అంత రేటు ఎలా వచ్చింది, ఇంకా ఎక్కువ రావాలి కదా అనే మాటల్లో పడతారు, అసలు విషయం పోతుంది. అందుకని ఫ్లాట్ ధర వంద అనుకుందాం, మిగతావన్నీ ఆ వందతో పోల్చి చెప్తాను, మీరు మీ ధర వేసుకుని చూసుకోవచ్చు. నోట్‌బుక్‌లో అంకెలు చిల్లరతో సహా ఉన్నాయి, ఇక్కడ చదవడానికి వీలుగా కాస్త గుండ్రం చేశాను.

వందకి కొన్నాం కదా. 190కి అమ్మాం. మా ఆయన లెక్క ఇక్కడితో అయిపోతుంది, 90 లాభం, దాదాపు డబుల్.

ఇప్పుడు నోట్‌బుక్ మొదటి పేజీ. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్, బ్రోకర్ కమీషన్, కాయితాలు చూసిన లాయర్ ఫీజు, లోన్ ప్రాసెసింగ్, అన్నీ కలిపి 9. తర్వాత అద్దెకి మంచి వాళ్ళు రావాలంటే వుడ్‌వర్క్ ఉండాలని అందరూ అంటే చేయించాం, లైట్లూ ఫ్యాన్లూ గీజర్లూ అన్నీ కలిపి 6. అంటే అద్దెకి మనిషి దిగేసరికే మా ఖర్చు 115. అందులో 70 బ్యాంకు లోను, 45 మా చేతి డబ్బు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, డౌన్ పేమెంట్ 30 గుర్తుంటుంది కానీ మిగతా 15 ఏదో ఖర్చయిపోయింది అన్నట్టు మనసు మర్చిపోతుంది, ఆ డబ్బు కూడా మన జేబులోంచే పోయింది, అది కూడా వెనక్కి రావాల్సిందే కదా.

లోను 9 శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు. ఈఎంఐ ఏడాదికి 7.56 పడింది. మొదటి ఏడాది మొత్తం కట్టాక బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చుకుని చూస్తే అసల్లో తగ్గింది 1.31, మిగతా 6.25 వడ్డీకే పోయింది. ఆ కాయితం చూసి నేను బ్యాంకులో కౌంటర్ దగ్గరే నిలబడి ఇది తప్పేమో మళ్ళీ చూడండి అని అడిగాను, ఆ అమ్మాయి చాలా ఓపిగ్గా కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించింది, తప్పేం లేదు, లోను పద్ధతే అంత, మొదట్లో వడ్డీ ఎక్కువ అసలు తక్కువ. పదకొండేళ్లలో మేం కట్టింది 83, అయినా అమ్మే రోజుకి ఇంకా 46.5 బాకీ ఉంది. మళ్ళీ చెప్తున్నా, 70 అప్పు తీసుకుని 83 కట్టాక ఇంకా 46.5 ఉంది. వడ్డీ ఒక్కటే దాదాపు 60.

ఇక అద్దె. అద్దెతోనే ఈఎంఐ వెళ్ళిపోతుంది అని మాకు అమ్మినాయన చెప్పాడు, ఆ మాట నోట్‌బుక్ మొదటి పేజీలో పైన రాసి పెట్టుకున్నాను, ఎందుకు రాశానో తెలీదు, నమ్మకం కుదరకేమో. పదకొండేళ్లంటే 132 నెలలు, అందులో 14 నెలలు ఫ్లాట్ ఖాళీ. ఒకళ్ళు ఖాళీ చేశాక ఇంకొకళ్ళు వచ్చేదాకా రెండు నెలలు, పెయింటింగ్‌కి ఒక నెల, ఒకసారైతే పై ఫ్లాట్ బాత్రూమ్ నుంచి నీళ్ళు కారి గోడ ఉబ్బిపోయింది, వచ్చిన ప్రతివాళ్ళూ ఆ గోడ చూసి మళ్ళీ ఫోన్ చేస్తాం అని వెళ్ళిపోయేవాళ్ళు, ఆ ఏడాది వరసగా అయిదు నెలలు తాళమే. ఒక్క నెల ఖాళీ అంటే ఆ ఏడాది అద్దెలో పన్నెండో వంతు పోయినట్టే, అయినా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ ఆగదు, ఈఎంఐ అసలే ఆగదు. మొత్తం మీద చేతికొచ్చిన అద్దె 37. ప్రాపర్టీ టాక్స్, మెయింటెనెన్స్‌లో మా వాటా, పెయింట్లు, ప్లంబరు, ఒకసారి లిఫ్ట్ మార్చడానికి అందరితో పాటు కట్టింది, బ్రోకర్‌కి ప్రతి కొత్త అద్దెకీ ఇచ్చింది, అన్నీ 11. నికరంగా మిగిలింది 26. ఏడాదికి చూస్తే రెండుంపావు, రెండున్నర మధ్యలో. ఈఎంఐ ఏడున్నర. మూడో వంతు కూడా రాలేదు అద్దె. ఒకవేళ లోనే లేకుండా కొని, నికరం అద్దె అంతే ఉంటుందనుకుని, అద్దె మీదే 115 తిరిగి రావాలంటే 49 ఏళ్లు పడుతుంది. అద్దె పెరుగుతుంది కాబట్టి కొంత ముందే రావచ్చు, కానీ పదేళ్లలో మాత్రం రాదు.

అమ్మకం సంగతి. 190 అన్నారు, సంతకాలు అయ్యాయి. బ్రోకరేజీ, అసోసియేషన్ వాళ్ళ క్లియరెన్స్, చిన్నాచితకా కలిపి 3. పన్ను 7. మిగిలింది 180. అందులో బ్యాంకుకి 46.5 కట్టేసి కాయితాలు విడిపించుకుంటే మా అకౌంట్‌లో పడింది 133.5. ఆ మెసేజ్ చూసినప్పుడు నాక్కూడా సంతోషం వేసింది, అంత డబ్బు ఒక్కసారి అకౌంట్‌లో ఎప్పుడూ చూడలేదు, ఆ రోజు రాత్రి లెక్క వెయ్యకుండా పడుకోవాల్సింది.

కానీ వేశాను. మా జేబులోంచి పోయింది మొదట్లో 45, ఈఎంఐలు 83, మొత్తం 128. వచ్చింది అమ్మకం మీద 133.5, అద్దె మీద 26, మొత్తం 159.5. తేడా 31న్నర అటూ ఇటూ. 90 కాదండీ, 31. అదీ పదకొండేళ్లకి. ఏ ఏడాది ఎంత పెట్టాం ఎంత వచ్చింది అని వరసగా వేసి రాబడి చూడమని ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయిని అడిగితే స్ప్రెడ్‌షీట్‌లో కొట్టి ఏడాదికి మూడున్నర శాతం కూడా లేదమ్మా అన్నాడు. వాడే ఇంకోటి కూడా చూసి చెప్పాడు, అదే ఫ్లాట్ లోను లేకుండా మొత్తం చేతి డబ్బుతో కొని ఉంటే ఆరు శాతానికి కాస్త తక్కువ వచ్చేదట. ఫ్లాట్ ఒకటే, ధర ఒకటే, అద్దె ఒకటే, లోను వల్ల రాబడి సగానికి దగ్గరగా పడిపోయింది. కారణం పెద్ద రహస్యం కాదు, ఆస్తి మీద వచ్చేది ఆరు, అప్పు మీద కట్టేది తొమ్మిది, మధ్యలో తేడా మన కష్టార్జితంలోంచి పోతుంది. ఆస్తి ఏడాదికి పన్నెండు శాతం పెరిగి ఉంటే ఇదే లోను మమ్మల్ని ఎత్తి కూర్చోబెట్టేది, అది కూడా నిజమే, లోను తప్పు అనట్లేదు నేను, కానీ లోను ఎటువైపు తోస్తుందో కొనేటప్పుడు ఒక్కళ్ళూ చెప్పరు.

"డబుల్" అనే మాట దగ్గరకి మళ్ళీ వస్తా. పదకొండేళ్లలో 100 కాస్తా 190 అవ్వడం అంటే ఏడాదికి సుమారు 6 శాతం పెరుగుదల, అంతే. 72ని వడ్డీ శాతంతో భాగిస్తే ఎన్నేళ్లలో రెట్టింపు అవుతుందో తెలుస్తుందని ఒక చిట్కా ఉంది, 6 శాతమైతే పన్నెండేళ్లు. ఇది ఇప్పటి యూట్యూబ్ చిట్కా కాదు, ఇటలీలో లూకా పచోలి అని లెక్కల పుస్తకం రాసినాయన 1494లోనే దీన్ని చెప్పాడు. అయిదు వందల ఏళ్ల నాటి లెక్క ఇంకా మన ప్రాపర్టీ పేజీల దాకా రాకపోవడం ఏంటో. రెట్టింపు అయింది అనగానే ఎన్నేళ్లకి అని పక్క మాట రాకపోతే ఆ రెట్టింపుకి అర్థమే లేదు, అయిదేళ్లకి అయితే పండగ, ఇరవై ఏళ్లకి అయితే మూడున్నర శాతం.

ధరల సంగతి కూడా ఉంది. మామూలు ఖర్చులు ఏడాదికి 5 శాతం చొప్పున పెరిగాయనుకోండి, అప్పుడు వందకి వచ్చే సామాను పదకొండేళ్ల తర్వాత 171 అవుతుంది. ఆ లెక్కన మేం పెట్టిన 115 ఇప్పటి డబ్బులో 197. అమ్మకంలో ఖర్చులూ పన్నూ పోను మిగిలింది 180. అంటే అమ్మకం వరకే చూస్తే పెట్టిన డబ్బు విలువ కూడా పూర్తిగా తిరిగి రాలేదు, అద్దె 26 ఉంది కాబట్టి ఏదో గట్టెక్కాం. భూమి ధర ఎప్పటికీ పెరుగుతూనే ఉంటుంది అనేవాళ్ళకి ఒక మాట, ఆమ్‌స్టర్‌డామ్‌లో హెరెన్‌గ్రాక్ట్ అనే కాలవ గట్టున ఉన్న ఇళ్ల ధరలని 1628 నుంచి 1973 దాకా పీట్ ఐక్‌హోల్ట్స్ అనే డచ్ ప్రొఫెసర్ వరసగా లెక్కకట్టారు, ధరల పెరుగుదల తీసేసి చూస్తే దాదాపు మూడున్నర వందల ఏళ్లలో ఆ ఇళ్ల అసలు విలువ పెరిగింది సుమారు రెట్టింపు మాత్రమే. అదీ ఊళ్ళోకెల్లా మంచి వీధి. జపాన్‌లో అయితే 1991 తర్వాత దేశం మొత్తం మీద సగటు భూమి ధర పదిహేనేళ్ల పాటు పడుతూనే వచ్చింది. అంటే ఎక్కడైనా ఇలాగే అవుతుందని కాదు, పెరగడం అనేది చట్టం కాదు అంటున్నా అంతే.

ఇంక మా అక్కావాళ్ళ బావగారి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇదే పద్ధతిని మీ పేజీలో ఈ మధ్య "పెట్టుబడి మొత్తం వెనక్కి, ఇల్లు ఫ్రీ" అన్నట్టు వేశారు. బావగారు కూడా మాలాగే వందకి కొన్నారు, చేతి డబ్బు 45, లోను 70. ఆరేళ్లకి ఆయన లోను 60కి దిగింది, ఫ్లాట్ విలువ 160 అని బ్యాంకు వాళ్ళు లెక్కకట్టారు. ఆయన ఇంకో బ్యాంకుకి మారి 160లో 70 శాతం, అంటే 112 కొత్త లోను తీసుకుని, పాతది 60 కట్టేసి, 52 చేతిలో పెట్టుకున్నారు. పెట్టిన 45 వచ్చేసింది, పైన 7 కూడా, ఇంక ఇల్లు నాకు ఊరికే వచ్చినట్టు అని మా ఇంటికొచ్చి స్వీట్లు కూడా ఇచ్చారు.

బావగారూ అది రావడం కాదండీ తేవడం అన్నాను. ఆయనకి నచ్చలేదు.

కానీ మీరే చూడండి. 52 చేతిలో ఉంది నిజమే, బాకీ 60 కాస్తా 112 అయింది అది కూడా నిజమే. మళ్ళీ ఇరవై ఏళ్లు మొదటి నుంచి మొదలు. నెలకి 0.63 ఈఎంఐ కట్టే మనిషి ఇప్పుడు 1.01 కడుతున్నారు. ఆ 52ని తీసుకెళ్ళి 9 శాతం కంటే ఎక్కువ వచ్చే చోట పెట్టగలిగితే ఆయన తెలివైనవారు, లేదంటే తన డబ్బునే తనకి వడ్డీకి ఇప్పించుకున్నట్టు. రేపు మార్కెట్ పడి ఆ ఫ్లాట్ 130కి దిగి అప్పుడే అమ్మాల్సి వస్తే కమీషన్లు పోను 126 వస్తుంది, 112 బ్యాంకుకి పోతే మిగిలేది 14. ఇల్లు ఫ్రీ అన్నది అప్పుడు ఎక్కడికి పోతుంది? అప్పు తీసుకున్న డబ్బుని రాబడి కింద రాసుకోవడం మా నోట్‌బుక్‌లో అయితే కుదరదు, రెండో పక్క పేజీలో అదే అంకె బాకీ కింద కూర్చుంటుంది. 2008కి ముందు అమెరికాలో ఇలాగే ఇళ్ల మీద మళ్ళీ మళ్ళీ లోన్లు తీసి ఖర్చు పెట్టుకున్నవాళ్ళు చాలామంది, ధరలు పడగానే ఇంటి విలువ కంటే బాకీ ఎక్కువయి ఇళ్లు బ్యాంకులకి వదిలేశారు, అది ఎవరికీ గుర్తు లేదు.

అమెరికా అంటే గుర్తొచ్చింది. అక్కడున్న మా తమ్ముడు అద్దెకి ఒక ఇల్లు కొని, మాకు ఏడాది ఏడాదీ కాస్ట్ రికవరీ వస్తుంది అక్కా అన్నాడు, నేను ప్రభుత్వమే డబ్బులిస్తుందేమో అనుకున్నా. కాదట. 1986లో చేసిన పన్ను చట్టం ప్రకారం అద్దె ఇంటి బిల్డింగ్ ఖరీదుని 27.5 ఏళ్ల మీద సమానంగా పంచి ఏడాదికి కొంత చొప్పున ఆదాయంలోంచి తీసేసుకోనిస్తారు, దానివల్ల పన్ను తగ్గుతుంది. ఆ పద్ధతి పేర్లోనే కాస్ట్ రికవరీ అని ఉంది. భూమికి మాత్రం ఇది లేదు, ఎందుకంటే భూమి అరగదు బిల్డింగ్ అరుగుతుంది, ఇది మాత్రం నాకు చాలా నచ్చిన మాట, మన దగ్గర ఫ్లాట్ కొనేవాళ్ళు ఎవరూ బిల్డింగ్ అరుగుతుంది అని అనుకోరు. మళ్ళీ అమ్మేటప్పుడు అలా తీసేసుకున్న మొత్తం మీద 25 శాతం దాకా పన్ను ఉంటుందట. అంటే అది కూడా డబ్బు రావడం కాదు, పన్ను వాయిదా పడటం ఎక్కువ, ఆ వాయిదా వల్ల లాభం ఉంది, కానీ మా తమ్ముడు ఫోన్‌లో చెప్పినంత లేదు.

వెనక్కి వచ్చే ఖర్చూ రాని ఖర్చూ అని రెండు రకాలు ఉంటాయని నాకు అమ్మేటప్పుడు తెలిసింది. వుడ్‌వర్క్ 6లో ఎక్కువ భాగం అదే కదా, కొనడానికి వచ్చిన వాళ్ళలో చివరికి కొన్నాయన భార్య కిచెన్ తలుపులు ఒక్కొక్కటే తీసి చూసి, ఈ రంగు మాకొద్దండీ ఇదంతా పీకించేసి కొత్తది చేయించుకుంటాం అంది, పీకించడానికి అయ్యే ఖర్చు రేట్‌లో తగ్గించమని ఆయన అడిగాడు. మేం డబ్బు పెట్టి చేయించినదానికి ఆయన మైనస్ వేశాడు. అదే నీళ్ళు కారిన గోడ బాగుచేయించకపోతే బేరం అక్కడే ఆగిపోయేది, అది చిన్న ఖర్చు, మూడు రెట్లు వెనక్కొచ్చింది అనుకోవచ్చు. లీకులు, కరెంటు, కాయితాలు సరిగ్గా ఉండటం, ఇవి డబ్బు తెస్తాయి. మన ఇష్టానికి చేయించుకున్నవి మన ఇష్టంతోనే పోతాయి. స్టాంప్ డ్యూటీ, కమీషన్ లాంటివి అసలు ఎవరూ తిరిగి ఇవ్వరు, కొన్న రోజు రాత్రే మనం పన్నెండు మెట్లు కింద నిలబడి ఉంటాం, కొనేటప్పుడు 9, అమ్మేటప్పుడు 3, ధర అంత పెరిగితే గానీ నేల మీదకి రాం. అందుకే కొని ఏడాదిలో అమ్మేస్తా అనేవాళ్ళని చూస్తే నాకు భయం.

ఇంకొక్క విషయం చెప్పి ఆపుతాను, ఇది మా ఇంటి తప్పు, ఒప్పుకుంటున్నాను. కొన్న ఆరో ఏడాది మార్కెట్ కాస్త పడింది, ఒకాయన 105కి అడిగాడు. ఆ డబ్బుతో మిగతా చిన్న లోన్లు తీర్చుకుని హాయిగా ఉండేవాళ్ళం. మా ఆయన, నేను ఇద్దరం ఒకటే పట్టు పట్టాం, మనకి 115 పడింది, అసలు వస్తేనే అమ్ముదాం అని. కొనేవాడికి మనకి ఎంత పడిందో ఎందుకండీ? మార్కెట్‌కి మన నోట్‌బుక్ తెలీదు. ఇది మా ఒక్కళ్ళ జబ్బు కాదని తర్వాత తెలిసింది, డేవిడ్ జెనెసోవ్, క్రిస్టోఫర్ మేయర్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు 1990ల్లో బోస్టన్‌లో ఫ్లాట్లు అమ్మినవాళ్ళ లెక్కలు తీసి 2001లో ఒక పేపర్ వేశారు, కొన్న ధర కంటే మార్కెట్ ధర తక్కువైన వాళ్ళు మిగతావాళ్ళ కంటే ఎక్కువ రేటు చెప్తారట, ఆ నష్టంలో 25 నుంచి 35 శాతం దాకా అడిగే రేట్‌లో కలిపేస్తారట, అందుకే వాళ్ళ ఫ్లాట్లు ఎక్కువ రోజులు అమ్ముడుపోకుండా ఉంటాయట. చదివి నవ్వుకున్నాను, బోస్టన్ వాళ్ళకీ మాకూ తేడా లేదు. ఆ మిగిలిన అయిదేళ్లు మేం ఆగింది లాభం కోసం కాదు, తక్కువైన 10 కోసం. ఆ అయిదేళ్లూ మధ్యలో పిల్లాడి ఫీజులకి ఇబ్బంది పడి వేరే అప్పు చేశాం, అంత ఆస్తి పెట్టుకుని. ఫ్లాట్‌లో ఒక బెడ్‌రూమ్ అమ్మి ఫీజు కట్టలేం కదా. ఆ అప్పు వడ్డీ నేను ఈ లెక్కలో వెయ్యలేదు, వేస్తే 31 ఇంకా తగ్గుతుంది, మా ఆయన మొహం చూసి వదిలేశాను.

రియల్ ఎస్టేట్ వద్దు అని చెప్పడానికి రాయట్లేదు ఇది. ఉండటానికి ఇల్లు కొనుక్కున్నవాళ్ళ లెక్క పూర్తిగా వేరు, వాళ్ళకి అద్దె మిగులుతుంది, ఓనర్ ఫోన్ చేసి ఖాళీ చెయ్యమనడు, దానికి ఖరీదు కట్టలేం. మంచి టైంలో మంచి చోట కొని నిజంగా సంపాదించినవాళ్ళు కూడా ఉన్నారు, నాకు తెలిసినవాళ్ళలోనే ఇద్దరున్నారు, ఇద్దరూ లోను చాలా తక్కువ తీసుకున్నవాళ్ళు. ఇంకో సంగతి, ఆ డబ్బు మా దగ్గరే ఉండి ఉంటే పదకొండేళ్లు ఖర్చు పెట్టకుండా ఉంచేవాళ్ళమా అంటే కష్టమే, ఈఎంఐ భయానికి దాచాం, బలవంతపు పొదుపు. ఆ మేరకి ఫ్లాట్‌కి దండం పెడతాను.

మీ నుంచి నేను కోరేది చిన్న పని. ఇకమీదట ఇలాంటి కథ వేసినప్పుడు, ఆ నవ్వుతున్న ఫోటో కింద ఒక చిన్న బాక్స్ పెట్టండి, అందులో ఏ ఏడాది కొన్నారు ఏ ఏడాది అమ్మారు, రిజిస్ట్రేషన్‌తో కలిపి మొత్తం ఎంత పడింది, వడ్డీ ఎంత కట్టారు, ఎన్ని నెలలు ఖాళీగా ఉంది, పన్నులు పోను చేతికి ఎంత వచ్చింది అని రాయండి. అమ్మకుండా "ఇప్పుడు ఇంత పలుకుతుంది" అనేవాళ్ళైతే ఆ మాటే రాయండి, ఇంకా అమ్మలేదు అని. పలకడం వేరు చేతికి రావడం వేరు. లోను మీద లోను తీసి డబ్బు వెనక్కొచ్చింది అనేవాళ్ళ దగ్గర ఇంకా బాకీ ఎంత ఉందో అడిగి వెయ్యండి. అడిగితే సగం మంది ఫోటోకి రారు అంటారేమో, రాకపోతే ఆ జాగాలో మా నోట్‌బుక్ పేజీ ఒకటి వేసుకోండి, ఫోటో తీసి పంపిస్తాను, చేతిరాత బాగుంటుంది.

ఈ ఉత్తరం పంపేముందు మా ఆయనకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు, లెక్క దగ్గర రెండుసార్లు ఆగారు, 83 దగ్గర పెన్సిల్‌తో పక్కన గీత గీశారు. తర్వాత కాయితం నా చేతికిచ్చి, "అన్నీ సరే గానీ ఆ వుడ్‌వర్క్ సంగతి రాయకపోతే బాగుండేది, ఆ రంగు నేనే సెలెక్ట్ చేశా కదా" అన్నారు.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు